నాటకోత్సవానికి జనాన్ని ఫోన్లోంచి పిలవడం ఎలా: చాటింపు ఒక పని, బొట్టు పెట్టడం ఇంకో పని

మన దగ్గర పెళ్లి కబురు రెండు రకాలుగా వెళ్తుంది. పత్రిక పంచడం ఒకటి. ఇంటికొచ్చి, గడప దగ్గర నిలబడి, బొట్టు పెట్టి "అక్కా, అందరూ రావాలె" అని చెప్పిపోవడం ఇంకొకటి. పత్రిక అందినవాళ్లు వీలుంటే వస్తారు. బొట్టు పెట్టించుకున్నవాళ్లు వీలు చేసుకుని వస్తారు. ఊళ్లో డప్పు చాటింపు కూడా పత్రికలాంటిదే. అందరి చెవినా పడుతుంది కానీ ఎవరినీ పేరు పెట్టి పిలవదు.

హనుమకొండలో ఒక చిన్న నాటక బృందానికి నేను ప్రచారం పని చూస్తున్నాను. మొదటిసారి మూడు రాత్రుల నాటకోత్సవం పెట్టినప్పుడు మేం చేసింది చాటింపు మాత్రమే. పోస్టర్ ఫేస్‌బుక్‌లో పెట్టాం, దొరికిన ప్రతి గ్రూపులో వేశాం, లైకులు వందల్లో వచ్చాయి. మొదటి రాత్రి తెర లేచేసరికి నిండినవి నాలుగు వరుసలు. అందులో సగం మా ఇళ్లవాళ్లే. మర్నాడు టిఫిన్ సెంటర్ దగ్గర, ఆ పోస్టర్‌కు లైక్ కొట్టిన ఒక పెద్దాయన కలిశాడు. "చూసిన తమ్మీ, మంచిగుంది. కానీ ఆట ఎన్నింటికి ఒడుస్తదో రాయలేదు గదా. మాది పరకాల. ఆఖరి బస్సు పోతే ఎట్ల?" అన్నాడు. మా పోస్టర్ మీద పదకొండు మంది అతిథుల ఫొటోలున్నాయి. ఆయనకు కావలసిన ఆ ఒక్క ముక్క లేదు.

అప్పటినుంచి మేం చేస్తున్న పద్ధతి ఇది. మీ బృందంలో ఫోన్ బాగా వాడగలిగినవాళ్లు ఇద్దరుంటే చాలు, మీరూ చేయొచ్చు.

ఆరు వారాల ముందు: ఒక తెల్లకాగితం

పోస్టర్ గురించి ఆలోచించకముందే కూర్చుని ఒక కాగితం రాయండి. మీకు ముఖ్యమైనవి కాదు, చూడటానికి వచ్చే మనిషి అడిగేవి రాయండి. కథ దేని గురించి, ఒక్క వాక్యంలో. ఏ హాలు, ఏ గేటు. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు. పిల్లల్ని తోల్కరావచ్చా. బండి ఎక్కడ పెట్టాలి. టికెట్ ఎంత, ఎట్లా కొనాలి. ఎవరికి ఫోన్ చేయాలి. ఇకమీద వేసే ప్రతి పోస్టర్, ప్రతి మెసేజ్ ఈ కాగితంలోంచే రావాలి. లేకపోతే ఒకచోట ఆరున్నర, ఇంకోచోట ఏడు అని పడుతుంది. చూసినవాడికి రెండింటి మీదా నమ్మకం పోతుంది.

ముగింపు సమయం మాత్రం అంచనాగా రాయకండి. పూర్తి రిహార్సల్ పెట్టి గడియారం చూసి రాయండి. జనగామ, నర్సంపేట, మహబూబాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సో, కాజీపేటలో ఆగే రైలో ఉంటుంది. "ఏడింటికి మొదలు, ఎనిమిదిన్నరకు ముగింపు" అని ఉంటే వాళ్లు లెక్క వేసుకోగలుగుతారు.

తేదీ కూడా ఈ కాగితం మీదే తేలాలి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. రెండూ మంచి సందర్భాలే కానీ మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలుంటాయి, పిల్లలున్న ఇళ్లు కదలవు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ వారం బస్సులూ జనమూ అటే పోతారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా సాయంత్రాలు బతుకమ్మవి, ఆడవాళ్లు నాటకానికి రాలేరు, రమ్మనడం కూడా భావ్యం కాదు. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం, మాకు బాగా కలిసొచ్చిన రోజు.

ఇంకో మాట. నాటకం ఆడటానికి రచయిత ఇచ్చిన అనుమతి వేరు, దాని వీడియోలు యూట్యూబ్‌లో పెట్టడానికి అనుమతి వేరు. రెండూ కాగితం మీద తీసుకోండి. రచయిత కాలం చేసినా 60 ఏళ్ల దాకా హక్కు వారసులదే. నటీనటుల్ని కూడా అడగండి. తన వీడియో బయటికి రావడం ఇష్టం లేని అమ్మాయి బృందంలో ఉంటే, ఆ మాట ముందే తెలియాలి.

పేజీలు: తాళంచెవి ఇద్దరి దగ్గర

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ బిజినెస్, ఈ నాలుగూ చాలు. నాలుగింట్లోనూ ఒకే పేరు, ఒకే బొమ్మ ఉండాలి. ప్రతి పేజీకీ కనీసం ఇద్దరు అడ్మిన్లుండాలి. మా పేజీ చూసే తమ్ముడు ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లాడు, నంబర్ మార్చాడు. ఓటీపీ పాత నంబర్‌కే పోతూ ఉండటంతో ఐదేళ్ల ఫొటోలున్న పేజీలోకి మేం మళ్లీ వెళ్లలేకపోయాం. కొత్త పేజీ ఒకటో అంకె నుంచి మొదలుపెట్టాం.

ఊరి పేరు రాసేటప్పుడు జాగ్రత్త. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది. జనం నోట్లో మాత్రం అది హన్మకొండే, హనంకొండే. వెతికేవాళ్లు ఎవరికి అలవాటైన స్పెల్లింగుతో వాళ్లు వెతుకుతారు. అందుకని పేజీ వివరాల్లో హనుమకొండ, హన్మకొండ, వరంగల్, ఓరుగల్లు అన్నీ పడేలా రెండు వాక్యాలు రాయండి. అవే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకసారి ఉండాలి, ఎందుకంటే ఫోన్లో తెలుగు టైపు చేయనివాళ్లే ఎక్కువ.

నాలుగు వారాల ముందు: పోస్టర్

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పని అను ఫాంట్లలోనే జరుగుతుంది. ఫ్లెక్సీ ప్రింటుకు అది బాగుంటుంది. కానీ ఆ ఫైల్లోంచి అక్షరాలు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే గజిబిజి గుర్తులు వస్తాయి, అది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగా కనపడే పద్ధతి) కాదు కాబట్టి. అందుకే మాటలన్నీ ముందు ఫోన్లో మీరే యూనికోడ్‌లో టైపు చేసి దాచుకోండి. ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితం. పేరుకు రామభద్ర లాంటి లావు అక్షరం, వివరాలకు మండలి లాంటి తేలిక అక్షరం తీసుకుంటే దూరం నుంచి కూడా చదవొచ్చు.

పోస్టర్ చేతికొచ్చాక ముందు ఒత్తులు చూడండి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో సెట్టింగు సరిగా లేకపోతే "స్త్రీ" అన్న మాట ముక్కలై సకారం ఒకచోట, తకారం ఒకచోట పొల్లులతో నిలబడుతుంది. "ప్రేక్షకులు"లో క్షకారం విడిపోతుంది. రంగులు చూస్తూ కూర్చుంటే ఇవి కంటికి ఆనవు. మాలో ఒకావిడ పోస్టర్‌ను గట్టిగా, అక్షరం అక్షరం చదువుతుంది, మేం పక్కన కాగితం పట్టుకుని సరిచూస్తాం. పది నిమిషాల పని. ఒకసారి తేదీ సరిగ్గా ఉండి వారం తప్పు పడింది, ఈ చదువులోనే దొరికింది.

బొమ్మలో ఒక్క ముఖం పెద్దగా ఉండాలి. ఆరుగురు నటుల్ని ఆరు గుండ్రాల్లో పెడితే ఫోన్లో ఎవరూ కనిపించరు. ముఖ్య అతిథుల ఫొటోల మీద మన ఊళ్లో పట్టింపు ఎక్కువ, నాకు తెలుసు. వాళ్లకు విడిగా ఒక పోస్టర్ చేసి గౌరవంగా పంపండి. నాటకం పోస్టర్ నాటకానికే వదిలేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు వెడల్పు 1080, ఎత్తు 1350 పిక్సెళ్ల కొలత, స్టేటస్‌కు వెడల్పు 1080, ఎత్తు 1920 కొలత. రెండూ విడిగా చేయించండి. నిలువు బొమ్మలో పైనా కిందా కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే పేరు, బటన్లు వచ్చి అక్షరాల మీద పడతాయి. బొమ్మలో ఉన్న సమాచారమంతా కింద మాటల్లో కూడా టైపు చేయండి. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించేది ఆ మాటల్నే.

మూడు వారాల ముందు: వీడియో, అంతకంటే ముందు శబ్దం

మేం ఎక్కువగా ఆడే హాలు పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం. ఆయన ఈ ఊరివాడు. మిమిక్రీలో ఒట్టి గొంతుతో ఎంతమందినో జనం కళ్ల ముందు నిలబెట్టిన మనిషి, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ పేరున్న వేదిక మీద నాటకం ఆడుతూ, వినపడని వీడియోలు పెట్టడం తప్పనిపిస్తుంది నాకు. కొత్త ఫోన్లలో బొమ్మ ఎలాగూ బాగానే వస్తుంది. చెడిపోయేది శబ్దమే.

రిహార్సల్ గదిలో ముందు ఫ్యాన్ ఆపండి. కంటికి కనపడని ఆ గాలి చప్పుడు రికార్డింగులో వర్షంలా వినిపిస్తుంది. కిటికీలు మూయండి. ఫోన్‌ను నటుడికి రెండడుగుల దూరంలో పెట్టండి, లేదా చవకైన కాలర్ మైకు చొక్కాకు తగిలించండి. నాటకంలోంచి ఒక్క సంభాషణ తీసుకోండి. ఎక్కడ ఆగితే "తర్వాతేమైంది?" అనిపిస్తుందో అక్కడ ఆపండి. ముప్పై, నలభై సెకన్లు. మొదటి మాట మొదటి సెకన్‌లోనే పడాలి. బృందం పేరు, లోగో తిరుగుతూ రావడం, దీపం వెలగడం, ఇవన్నీ తీసేయండి. ఆ లోపే వేలు పైకి జరిగిపోతుంది.

మాటల్ని అక్షరాల్లో కూడా కింద వేయండి. ఆర్టీసీ బస్సులో కూర్చున్న మనిషి సౌండ్ ఆపి చూస్తాడు. మన యాస మాటల్ని యాసలాగే వేయండి. "పోతున్నవా?" అని నటుడు అంటుంటే కింద "వెళ్తున్నావా?" అని పడితే చూసేవాడికి ఇద్దరు మనుషులు మాట్లాడినట్టుంటుంది.

సినిమా పాట వెనక పెట్టొద్దు. కాపీరైట్ పట్టుకుంటే వీడియో మూగబోతుంది, ఆట దగ్గరపడ్డ వారంలో అది జరిగితే మళ్లీ చేసే తీరిక ఉండదు. మీ డప్పు, మీ తాళాలు, మీ గొంతులే వాడండి. ఒగ్గుడోలు కావాలంటే ఒగ్గు కళాకారుల్ని పిలిచి, డబ్బిచ్చి, అడిగి రికార్డు చేయండి, వీడియో కింద వాళ్ల పేర్లు వేయండి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది మన జనగామ ప్రాంతం. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యదీ జనగామ జిల్లానే. ఇంత దగ్గర ఇంత సంపద ఉండగా ఎక్కడిదో ట్యూన్ అరువు తెచ్చుకోవడం ఎందుకు?

పది రోజుల ముందు: వాట్సాప్

ఇప్పటిదాకా చేసింది చాటింపు. బొట్టు పెట్టేది ఇక్కడ.

మేం మొదట్లో పంపిన మెసేజ్ ఇలా ఉండేది: "కళాభిమానులకు విజ్ఞప్తి. మా నాటకోత్సవానికి మీరు కుటుంబ సమేతంగా విచ్చేసి జయప్రదం చేయగలరని మనవి." దీన్ని చదివిన ఎవరికీ అది తమకే వచ్చిందనిపించదు. ఇప్పుడు మాలో ఒకామె పంపే మెసేజ్ ఇది:

"సరోజక్కా, నమస్తే. శనివారం రాత్రి మా ఆట ఉంది. కొత్తవాడల జంపఖానాలు నేసే ఒక ఇంటి కథ. పబ్లిక్ గార్డెన్‌ల, వేణుమాధవ్ హాలు. ఏడింటికి మొదలైతది, ఎనిమిదిన్నరకు ఒడుస్తది. పిల్లల తోల్కరావచ్చు. నీకు, బావకు రెండు సీట్లు పట్టిపెడత. వస్తున్నరా?"

ఆఖరి మాట ప్రశ్న అవడం ముఖ్యం. ప్రశ్నకు మనిషి జవాబిస్తాడు. "చూస్త" అని వచ్చినా సరే, మాట కలిసింది, రెండు రోజుల ముందు మళ్లీ అడగొచ్చు. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపండి. గొంతులో ఉన్న పిలుపు అక్షరాల్లో సగమే వస్తుంది.

పని పంచుకోవాలి. బృందంలో పదిహేను మంది ఉంటే, తలా ఇరవై పేర్లు రాసుకోండి. చిన్ననాటి స్నేహితులు, వీధివాళ్లు, ఆఫీసులో పక్క సీటు, పిల్లల టీచరు. మూడు వందల పేర్లయ్యాయి. గూగుల్ షీట్‌లో ఎవరు ఎవర్ని పిలిచారు, ఏ రాత్రికి, ఎంతమంది వస్తామన్నారు అని నింపండి. ఇద్దరు ఒకరినే పిలవకుండా ఉంటుంది, హాలు ఏ రాత్రి వెలితిగా ఉందో ముందే తెలుస్తుంది. శుక్రవారం రాత్రి వెలితిగా కనిపిస్తే బుధవారమే ఇంకో యాభై మందిని పిలవొచ్చు.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి ఒక విషయం చాలామందికి తెలియదు. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు కానీ, మీ నంబర్‌ను తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్లకు పోయిందనుకుని మీరు కూర్చుంటారు. అందుకే హాలు దగ్గర "మా నంబర్ సేవ్ చేసుకోండి" అని ఒక బోర్డు పెట్టి, బృందం నంబర్ పెద్ద అంకెల్లో రాయండి.

కాలనీ గ్రూపుల్లో, పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో వేసేముందు అడ్మిన్‌ను ఒక్క మాట అడగండి. ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, ఒక్క మెసేజ్‌తో మంచి పేరూ చెడ్డ పేరూ రెండూ వస్తాయి. ఎవరినీ అడగకుండా మీ గ్రూపులో చేర్చొద్దు. మొత్తం మీద ఒక మనిషికి మూడు మెసేజ్‌లు: పది రోజుల ముందు, రెండు రోజుల ముందు, ఆట రోజు సాయంత్రం నాలుగింటికి. అంతకు మించితే విసుగు.

టికెట్

ఉచిత పాసులు ఇవ్వొద్దని నా మాట. ఉచితంగా వచ్చిన పాసు ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది. యాభై రూపాయలు పెట్టినవాడు వర్షమొచ్చినా గొడుగేసుకుని వస్తాడు. విద్యార్థులకు తగ్గించండి, పూర్తిగా తీసేయకండి. గూగుల్ ఫామ్‌లో పేరు, నంబర్, ఏ రాత్రి, ఎన్ని సీట్లు అని నాలుగు ప్రశ్నలు, కింద యూపీఐ క్యూఆర్. క్యూఆర్ స్కాన్ చేస్తే బృందం పేరు కనిపించాలి. ఎవరి సొంత పేరో కనిపిస్తే కొత్తవాళ్లు వెనకాడతారు. స్క్రీన్‌షాట్ చూసి టికెట్ ఇవ్వకండి, బ్యాంకు మెసేజ్ చూసి ఇవ్వండి. డబ్బు అందాక సీటు నంబర్ వాట్సాప్‌లో పంపండి. యూపీఐ చేతకాని పెద్దవాళ్ల కోసం ఫోన్ మీద సీటు పట్టిపెట్టి, గేటు దగ్గర డబ్బు తీసుకోండి.

డబ్బు పెట్టి ప్రకటన

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో చివరి ఐదు రోజులు చాలు. అప్పటికే జనం బాగా చూసిన వీడియో ఏదో దానికే పెట్టండి, ఎవరూ చూడనిదాన్ని డబ్బుతో లేపలేరు. ప్రాంతం తెలంగాణ అంతా అని పెట్టొద్దు, హనుమకొండ చుట్టూ ఇరవై కిలోమీటర్లు చాలు. లక్ష్యం లైకులు కాదు, వాట్సాప్ మెసేజ్‌లు అని ఎంచుకోండి. నొక్కినవాళ్లు నేరుగా మీతో మాటల్లోకి వస్తారు. మీరు పెట్టే డబ్బు మీద జీఎస్టీ అదనంగా పడుతుంది, బడ్జెట్‌లో అది కూడా రాసుకోండి.

పత్రికలు, కాలేజీలు

సిటీ ఎడిషన్ విలేకర్లకు మూడు రోజుల ముందు యూనికోడ్‌లో పది వాక్యాల కబురు, రెండు మంచి ఫొటోలు, ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు. వాళ్లు మళ్లీ టైపు చేసుకునే పని లేకుండా పంపితే వేసే అవకాశం ఎక్కువ. కాకతీయ యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీ విద్యార్థుల కళా బృందాలతో ఇన్‌స్టాగ్రామ్‌లో కొలాబ్ పోస్టు పెడితే అది వాళ్ల పేజీలోనూ మీ పేజీలోనూ ఒకేసారి కనిపిస్తుంది. కానీ ముందు వాళ్ల దగ్గరికి మనిషి వెళ్లాలి. రిహార్సల్‌కు పిలవండి, చూస్తే వాళ్లే రాస్తారు.

ఆట రోజు

నాలుగింటికి హాలు గేటు ఫొటో తీసి, బ్యానర్ కనపడేలా, లొకేషన్‌తో పాటు పంపండి. "ఈ గేటు నుంచి లోపలికి రండి, బండ్లు ఎడమ పక్క." ఇది మామూలు విషయంలా అనిపిస్తుంది కానీ మొదటిసారి వచ్చేవాళ్లకు చీకట్లో ఇదే దారి.

ఏడు అని రాస్తే ఏడుకే తెర లేవాలి. సన్మానాలు, ఉపన్యాసాలు నాటకం తర్వాత పెట్టండి. మీరు అంత కష్టపడి రప్పించిన కొత్త మనిషి గంటసేపు శాలువాలు చూసి, ఆఖరి బస్సుకు సగం నాటకంలో లేచిపోతే ఇక మళ్లీ రాడు. ఈ విషయంలో మా పెద్దవాళ్లతో నేను చాలాసార్లు వాదించాను, ఒప్పుకున్నారు కూడా.

నాటకమంతా లైవ్ పెట్టకండి. మధ్యలో ఫోన్లు ఎత్తొద్దని మొదలుకు ముందే మర్యాదగా చెప్పండి. చివర నటులంతా వరుసగా నిలబడి దండం పెట్టేటప్పుడు "ఇప్పుడు ఫోన్లు తీయండి, ఫొటోలు మీవే" అనండి. ఆ రాత్రి పడే స్టేటస్‌లన్నీ ఆ నిమిషంలోవే.

మూడు రాత్రుల ఉత్సవమైతే మొదటి రాత్రి గేటు దగ్గర ఒకరు ఫోన్ పట్టుకుని నిలబడాలి. బయటికి వస్తున్నవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లతో పది సెకన్లు మాట్లాడించండి. ఏం చెప్పాలో నేర్పకండి. ఒకసారి ఒక పెద్దమ్మ ఏమీ చెప్పలేక కొంగుతో కళ్లు తుడుచుకుని "మా ఆయన గిట్లనే ఉండె" అంది, అంతే. ఆమెను అడిగి, సరేనన్నాకే దాన్ని రాత్రి పదిన్నరకు పెట్టాం. రెండో రాత్రి వెనక గోడ దగ్గర నిలబడి చూసినవాళ్లున్నారు.

మర్నాడు

గేటు దగ్గర టికెట్ చూసేవాళ్లు ప్రతి ఒక్కరినీ "ఎట్ల తెలిసింది?" అని అడిగి గీతలు పెట్టాలి: మనిషి పిలిచారు, వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్, పేపర్. ఆ కాగితం పారేయకండి. వచ్చే ఏడాది డబ్బూ సమయమూ ఎక్కడ పెట్టాలో ఆ గీతలే చెబుతాయి.

వచ్చినవాళ్లందరికీ ప్రేక్షకుల ఫొటో ఒకటి పెట్టి కృతజ్ఞత చెప్పండి. జనం తమ ముఖం ఆ వరుసల్లో వెతుక్కుంటారు. వస్తామని రాలేకపోయినవాళ్లను కూడా మరవకండి. ఆ సరోజక్కను పిలిచిన మా బృందంలోని ఆమే ఆదివారం పొద్దున ఇలా రాసింది: "అక్కా, రాత్రి నీ సీటు ఖాళీగనే ఉంచిన. అంతా మంచిదేనా ఇంట్ల? మళ్ల ఆట పెట్టినప్పుడు ముందే చెప్త." పది నిమిషాల్లో జవాబు వచ్చింది. మనవడికి జ్వరమట. ఇయ్యాల రాత్రి ఏముంది అని అడిగింది.